డాక్టర్ యల్లాప్రగడ సుబ్బారావు: కార్జంలో దాగిన నిధిని వెతికిన తెలుగువాడు



మన వయస్సువారు నలుగురు ఒకచోట చేరితే ముందు డి.ఎ. బకాయిల సంగతి, ఆ తరువాత మందుల సంగతి మాట్లాడుకోవడం పరిపాటి. బొల్లాపల్లి నుంచి వినుకొండకో, నరసరావుపేటకో వెళ్ళి తెచ్చుకునే మందుల సంచి విప్పి చూస్తే అందులో చాలామందికి ఫోలిక్ ఆసిడ్ మాత్ర కనిపిస్తుంది. కీళ్ళవాతం ముదిరినవారి సంచిలో మెథోట్రెక్సేట్ అనే చిన్న పచ్చ మాత్ర ఉంటుంది. కోస్తా జిల్లాలలో బోదకాలు నివారణకు ఇంటింటికి పంచిన మాత్ర డి.ఇ.సి. ఈ మూడింటి వెనుకను ఒకే తెలుగువాని పరిశ్రమ ఉన్నది. ఆయనే డాక్టర్ యల్లాప్రగడ సుబ్బారావు గారు. పేరు విననివారు మనలో తక్కువ. కాని ఆయన జీవితంలో పెద్ద భాగం మన శరీరంలోని కాలేయాన్ని, అంటే మనం కార్జం అని పిలిచే అవయవాన్ని శోధించడంలోనే గడిచిందని, ఆ శోధన చివరకు నరాల ఆరోగ్యంతో ముడిపడిందని తెలిసినవారు అంతగా లేరు. అది తెలుసుకుంటే మన మందుల సంచిని మనమే కొంత జాగ్రత్తగా చూసుకోగలుగుతాము. ఈ ప్రత్యేక సంచికలో వారి జీవితం వ్రాయడానికి కారణం అదే.

బాల్యము, విద్య

సుబ్బారావు గారు 1895 జనవరి 12న భీమవరంలో జన్మించారు. తండ్రి జగన్నాథం గారు రెవెన్యూ శాఖలో చిన్న ఉద్యోగి. అనారోగ్యం వల్ల ఉద్యోగం నుంచి ముందుగానే విరమించుకోవలసి వచ్చింది. తల్లి వెంకమ్మ గారు. ఏడుగురు సంతానంలో సుబ్బారావు గారు నాలుగవవారు. చిన్న జీతం, పెద్ద సంసారం, ఇంటి యజమానికి జబ్బు. ఆ ఇల్లు ఎట్లా నడిచి ఉంటుందో మనబోటివారికి వేరే చెప్పనక్కరలేదు.

పిల్లవానికి చదువు మీద మొదట శ్రద్ధ లేదు. పదమూడేళ్ళ వయస్సులో కాశీ వెళ్ళి యాత్రికులకు అరటిపండ్లు అమ్మి డబ్బు గడించాలని ఇల్లు విడిచి బయలుదేరాడు. తల్లి వెనక్కు రప్పించి మళ్ళీ బడిలో వేసింది. తండ్రి మరణించిన తరువాత ఆమె తన మంగళసూత్రాల బంగారం అమ్మి కొడుకు చదువుకు డబ్బు సమకూర్చింది. రాజమండ్రిలో చదివి, పరీక్షలలో తప్పి, చివరకు మద్రాసు హిందూ హైస్కూలు నుంచి మూడవ ప్రయత్నంలో మెట్రిక్యులేషను గట్టెక్కాడు. మూడుసార్లు పరీక్షకు కూర్చున్న కుర్రవాడు తరువాత ప్రపంచ వైద్యశాస్త్రం దిశనే మార్చాడు. మనుమడు ఒక పరీక్ష తప్పాడని ఇల్లు అదరగొట్టే తాతలు ఈ సంగతి జ్ఞాపకం ఉంచుకోవాలి.

ప్రెసిడెన్సీ కళాశాలలో చదివేటప్పుడు ఆయనకు రామకృష్ణ మఠంతో సంబంధం ఏర్పడింది. సన్యసించాలనే కోరిక గట్టిగా ఉండేది. మఠం వారు వైద్యం చదివి రోగులకు సేవ చేయమని దారి చూపారు. మద్రాసు వైద్య కళాశాలలో చేరారు. 1919లో శేషగిరి గారితో వివాహం జరిగింది. మామగారు కస్తూరి సూర్యనారాయణమూర్తి గారు చదువుకు ఆర్థికంగా ఆదుకున్నారు. అవి గాంధీ గారి పిలుపుతో విదేశీ వస్త్రాలను బహిష్కరిస్తున్న రోజులు. సుబ్బారావు గారు శస్త్రచికిత్స తరగతికి ఖద్దరు దుస్తులతో వెళ్ళారు. తెల్లదొర అయిన ఆచార్యునికి అది నచ్చలేదు. పరీక్షలు బాగా వ్రాసినా ఎం.బి.బి.ఎస్. పట్టా దక్కలేదు. దానికంటె తక్కువదైన ఎల్.ఎం.ఎస్.తో సరిపెట్టుకోవలసి వచ్చింది. మద్రాసు వైద్య సర్వీసులో ఉద్యోగం కూడ దొరకలేదు. ఆచంట లక్ష్మీపతి గారి ఆయుర్వేద కళాశాలలో శరీర నిర్మాణశాస్త్రం బోధించే పని దొరికింది.

ఈ సమయంలోనే ఆ కుటుంబం మీద పిడుగు పడింది. స్ప్రూ అనే వ్యాధితో కొద్ది రోజుల తేడాలో ఇద్దరు సోదరులు మరణించారు. వారిలో పురుషోత్తం గారు ఒకరు. స్ప్రూ అంటే మన వైద్యులు గ్రహణి జాతిలో చేర్చే జబ్బు. నాలుక పుండు పడుతుంది, విరేచనాలు ఆగవు, తిన్నది ఒంటికి పట్టదు, రక్తం క్షీణిస్తుంది, మనిషి ఎండిన పుల్లలాగ అయిపోతాడు. సుబ్బారావు గారికి కూడ అదే జబ్బు వచ్చి, లక్ష్మీపతి గారి ఆయుర్వేద చికిత్సతో బ్రతికి బయటపడ్డారు. చేతిలో వైద్య పట్టా ఉండి కూడ తోబుట్టువులను కాపాడుకోలేకపోయిన ఆ బాధ ఆయనను సముద్రం దాటించింది.

బోస్టన్ నగరంలో

కాకినాడలోని మల్లాడి సత్యలింగం నాయకర్ ధర్మసంస్థ సహాయం మీద, మామగారు సేకరించిన డబ్బు మీద ఆధారపడి సుబ్బారావు గారు అమెరికా చేరి హార్వర్డ్ విశ్వవిద్యాలయంలో ఉష్ణమండల వ్యాధుల విభాగంలో చేరారు. అక్కడ మన ఎల్.ఎం.ఎస్. పట్టాతో వైద్యం చేయడానికి వీలు లేదు. పొట్ట గడవడానికి పీటర్ బెంట్ బ్రిగ్‌హాం ఆసుపత్రిలో రాత్రిపూట పనివానిగా చేరి రోగుల మలమూత్ర పాత్రలు శుభ్రం చేశారు. పగలు చదువు, రాత్రి ఆ పని. ఇక్కడ ఆయన లేనప్పుడు పుట్టిన కొడుకు పసితనంలోనే మరణించాడు. తండ్రి ఆ బిడ్డ ముఖం చూడనే లేదు.

డిప్లొమా పూర్తి అయిన తరువాత జీవరసాయన శాస్త్ర విభాగంలో సైరస్ ఫిస్కే అనే ఆచార్యుని వద్ద చేరారు. 1925లో వీరిద్దరు రక్తంలోను మూత్రంలోను భాస్వరం ఎంత ఉన్నదో లెక్కకట్టే పద్ధతిని ప్రకటించారు. భాస్వరం ఉంటే ద్రవం నీలిరంగుకు తిరుగుతుంది. రంగు ఎంత చిక్కగా ఉంటే భాస్వరం అంత ఎక్కువ. ఫిస్కే-సుబ్బారావు పద్ధతి అనే పేరుతో అది ప్రపంచంలోని ప్రయోగశాలలన్నింటికి పాకింది.

ఆ కొలబద్దతోనే 1927లో కండరాలలో ఫాస్ఫోక్రియాటిన్ అనే పదార్థాన్ని కనుగొన్నారు. కండరం బిగుసుకోవడానికి శక్తి లాక్టిక్ ఆమ్లం నుంచే వస్తుందని అంతవరకు నమ్మేవారు. ఆ సిద్ధాంతానికి 1922లో నోబెల్ బహుమతి కూడ వచ్చి ఉన్నది. సుబ్బారావు గారి పనితో ఆ నమ్మకం కదిలిపోయింది. 1929లో ఎ.టి.పి. అనే మరొక భాస్వర పదార్థాన్ని వెలికి తీశారు. అదే సంవత్సరం జర్మనీలో కార్ల్ లోమన్ కూడ స్వతంత్రంగా దానిని కనుగొన్నాడు. ఎ.టి.పి. అంటే జీవకణానికి చిల్లర డబ్బు వంటిది. మనం తిన్న అన్నం ఏదైనా చివరకు ఆ చిల్లరగా మారితేనే కణం ఖర్చు పెట్టగలదు. గుండె కొట్టుకోవాలన్నా, నరం గుండా వార్త పోవాలన్నా, కార్జం కణం రెండుగా చీలాలన్నా ఆ చిల్లరే కావాలి.

ఇంత చేసినా హార్వర్డ్‌లో ఆయనకు స్థిరమైన ఉద్యోగం ఇవ్వలేదు. 1930లో పి.హెచ్.డి. పట్టా వచ్చింది. మరో పదేళ్ళు ఆ చిన్న హోదాలోనే ఉన్నారు. ఆయన పనిలో కొంత భాగం ఫిస్కే కారణంగా వెలుగులోకి రాలేదని, తరువాత ఇతరులు వాటిని మళ్ళీ కనుగొనవలసి వచ్చిందని ఆనాటి సహచరుడు జార్జి హిచింగ్స్ తరువాతి కాలంలో గుర్తు చేసుకున్నారు. ఆ హిచింగ్స్‌కు 1988లో నోబెల్ బహుమతి వచ్చింది. సీనియారిటీ ఉండి ప్రమోషను రాక, క్రిందివారు పైకి వెళుతుంటే చూస్తూ ఫైళ్ళు వ్రాసినవారు మనలో ఉన్నారు కనుక ఆ పదేళ్ళ సంగతి మనకు అర్థమవుతుంది. సుబ్బారావు గారు ఆ పదేళ్ళను ఫిర్యాదులతో వృథా చేయలేదు. కాలేయం మీద పని ప్రారంభించారు.

కార్జం అనే ట్రెజరీ

ఇక్కడ కార్జం గూర్చి రెండు మాటలు చెప్పాలి. కుడివైపు ప్రక్కటెముకల క్రింద ఉండే ఈ అవయవం పెద్దవారిలో సుమారు కిలోన్నర బరువు ఉంటుంది. ఇది మన సబ్-ట్రెజరీ వంటిది. ప్రేగుల నుంచి వచ్చే జమలన్నీ ముందు దీనికే వస్తాయి. ఇది కొంత నిల్వ ఉంచుకొని మిగిలినది శరీరానికి బట్వాడా చేస్తుంది. దీనికి మరే పెద్ద అవయవానికి లేని ఒక గుణం ఉన్నది. కొంత భాగం కోసివేస్తే తిరిగి పెరుగుతుంది. మన నల్లమల అంచున తంగేడును మొదలు దాకా నరికినా వర్షం పడగానే చిగిర్చినట్లు ఇది కూడ చిగురిస్తుంది. 1931లో అమెరికాలో హిగిన్స్, ఆండర్సన్ అనే ఇద్దరు ఎలుకల కాలేయంలో మూడింట రెండు వంతులు తొలగించి చూశారు. ఒకటి రెండు వారాలలోనే అది దాదాపు మొదటి బరువుకు వచ్చింది. ఈనాడు కొడుకు తన కాలేయంలో సగానికి పైగా తండ్రికి దానం చేయగలుగుతున్నాడంటే ఈ గుణమే ఆధారం. మిగిలినది కొన్ని వారాలలో, నెలలలో పెరిగి పని అందుకుంటుంది.

ఆ రోజులలో పెర్నిషస్ ఎనీమియా అనే ఒక రక్తహీనత ఉండేది. అది వచ్చినవారు బ్రతికేవారు కారు. 1926లో బోస్టన్‌లో మైనాట్, మర్ఫీ అనే వైద్యులు రోగులకు రోజూ పావుకిలోకు దగ్గరగా కార్జం తినిపించి వారిని బ్రతికించారు. ఆ మర్ఫీ పనిచేసినది సుబ్బారావు గారు రాత్రి పనివానిగా ఉన్న బ్రిగ్‌హాం ఆసుపత్రిలోనే. 1934లో వారికి, విపుల్ అనే మరొక శాస్త్రజ్ఞునికి నోబెల్ బహుమతి వచ్చింది. కాని కార్జంలో ఏ పదార్థం రోగిని బ్రతికిస్తున్నదో ఎవరికి తెలియదు. రోగి జీవితాంతం రోజూ అంత కార్జం తినలేడు. ఆ పదార్థాన్ని విడదీయాలి. జేకబ్‌సన్ అనే వైద్యునితో కలిసి సుబ్బారావు గారు కాలేయ సారాన్ని భాగాలుగా విడదీసి ఒక్కొక్క భాగాన్ని పరీక్షించసాగారు. తన సోదరులను బలిగొన్న స్ప్రూలో కూడ ఇటువంటి రక్తహీనతే ఉంటుందని ఆయన మరువలేదు.

1940లో న్యూయార్కు సమీపంలోని పెరల్ రివర్ అనే ఊరిలో అప్పటి లెడర్లీ మందుల సంస్థలో చేరారు. రెండేళ్ళలో అక్కడి పరిశోధనకు అధిపతి అయ్యారు. విడిగా ఒక బీకరుతో చేసే పని ఇప్పుడు పదుల మంది చేసే పని అయింది. 1943లో స్టోక్‌స్టాడ్ అనే సహచరుడు కాలేయం నుంచి ఒక పదార్థాన్ని శుద్ధమైన స్థితిలో తీశాడు. 1945లో ఆ బృందమే దానిని కార్జంతో పని లేకుండ రసాయనాలతో తయారు చేసింది. అదే ఫోలిక్ ఆసిడ్. ఆకుకూరలలో ఉండే పదార్థం కనుక ఆకు అనే అర్థం వచ్చే లాటిన్ మాట నుంచి 1941లోనే దానికి ఆ పేరు వచ్చి ఉన్నది. మన దేశంతో కూడ దీనికి సంబంధం ఉన్నది. 1928 తరువాత బొంబాయిలో లూసీ విల్స్ అనే ఆంగ్ల వైద్యురాలు గర్భవతులైన మిల్లు కార్మిక స్త్రీల రక్తహీనత ఈస్టు సారంతో నయమవుతుందని చూపింది. అందులో ఉన్నది కూడ ఇదేనని తరువాత తేలింది.

కృత్రిమ ఫోలిక్ ఆసిడ్‌ను టామ్ స్పైస్ అనే వైద్యుడు స్ప్రూ రోగులకు ఇచ్చినపుడు పుండు పడిన నాలుకలు మానాయి, విరేచనాలు తగ్గాయి, రక్తం పట్టింది. పాతికేళ్ళ క్రితం ఆ ఇంటిలో దొరకని మందు దొరికింది. సోదరులు లేరు. వేల మైళ్ళ దూరంలో ఎవరెవరో సోదరులు బ్రతికారు.

రక్తం బాగుపడింది, నరాలు చెడ్డాయి

ఇంతటితో కథ ముగిస్తే సినిమా కథలాగ ఉండేది. నిజం వేరు. పెర్నిషస్ ఎనీమియా రోగులకు ఫోలిక్ ఆసిడ్ ఇచ్చినపుడు మొదట రక్తం పెరిగింది. వైద్యులు సంతోషించారు. కాని 1946, 1947 సంవత్సరాలలో ఒక విషయం బయటపడింది. కొందరు రోగులలో రక్తం సరిగా ఉన్నా కాళ్ళు తిమ్మిరెక్కుతున్నాయి. చీకటిలో నడిస్తే తూలుతున్నారు. వెన్నుపాములోని నరాలు క్రమంగా దెబ్బ తింటున్నాయి. కార్జం తిన్న రోగులకు ఈ అవస్థ రాలేదు. అంటే కార్జంలో మరొక పదార్థం ఉండి అది నరాలను కాపాడుతున్నదన్న మాట. ఫోలిక్ ఆసిడ్ రక్తాన్ని దిద్ది, నరాల జబ్బును కప్పిపుచ్చుతున్నది.

ఆ రెండవ పదార్థం కోసం లెడర్లీలో కూడ వెతుకులాట సాగింది. 1948లో అమెరికాలోని మెర్క్ సంస్థవారు, ఇంగ్లండులో గ్లాక్సో సంస్థకు చెందిన లెస్టర్ స్మిత్ దానిని విడదీశారు. అదే ఎర్రని స్ఫటికాల రూపంలో ఉండే విటమిన్ బి-12. టన్నులకొద్ది కార్జం నుంచి దొరికేది చిటికెడు. సుబ్బారావు గారి జీవితంలో మిగిలినవి అప్పటికి కొద్ది నెలలే. వెతికిన నిధిలో ఒక పెట్టె ఆయన బృందానికి దొరికింది, రెండవ పెట్టె మరొకరికి దొరికింది. ఒకే నిధి ఉన్నదని అందరు అనుకున్న చోట రెండు ఉన్నాయని తేలడానికి మొదటి పెట్టె తెరవడమే కారణమైంది.

మనకు పనికివచ్చే సంగతి ఇక్కడే ఉన్నది. కార్జం అనే ట్రెజరీలో ఫోలిక్ ఆసిడ్ నిల్వ మూడు నాలుగు నెలలకే సరిపోతుంది. బి-12 నిల్వ మాత్రం కొన్ని సంవత్సరాలు వస్తుంది. అందువల్ల బి-12 రాబడి ఆగిపోయినా వెంటనే తెలియదు. నిల్వ అంతా ఖర్చయిన తరువాత అరికాళ్ళ మంట, వేళ్ళ తిమ్మిరి, నడకలో తూలు, మతిమరుపు మొదలవుతాయి. వయస్సుతో పాటు కడుపులో బి-12ను గ్రహించే శక్తి తగ్గుతుంది. షుగరుకు మెట్‌ఫార్మిన్ చాలా ఏళ్ళు వాడినవారికి, గ్యాసు తగ్గే మాత్రలు దీర్ఘకాలం వేసుకున్నవారికి ఇది ఇంకా తగ్గవచ్చును. కాయగూరలలో బి-12 లేదు. పాలు, పెరుగు, గ్రుడ్లు, మాంసంలో ఉన్నది. కనుక నీరసంగా ఉన్నదని ఎవరికి వారు ఫోలిక్ ఆసిడ్ కొనుక్కొని ఏళ్ళ తరబడి వేసుకోవడం మంచిది కాదు. ఒకసారి రక్తంలో బి-12 ఎంత ఉన్నదో చూపించుకోవాలి. కార్జం కోస్తే పెరుగుతుంది గాని, చాలా కాలం చెడిన నరం మాత్రం పూర్తిగా మునుపటిలాగ కాదు.

చివరి రోజులు

ఫోలిక్ ఆసిడ్ కొత్త కణాలు పుట్టడానికి కావాలి. అయితే పుట్టరాని కణాలు విపరీతంగా పుట్టే జబ్బులో దానిని అడ్డుకుంటే ఎట్లా ఉంటుంది? బోస్టన్ పిల్లల ఆసుపత్రిలో సిడ్నీ ఫార్బర్ అనే వైద్యునికి ఈ ఆలోచన వచ్చింది. సుబ్బారావు గారి బృందం ఫోలిక్ ఆసిడ్‌కు ఎదురు తిరిగే అమినాప్టెరిన్ అనే పదార్థాన్ని తయారు చేసి పంపింది. రక్త క్యాన్సరుతో చావు అంచున ఉన్న 16 మంది పిల్లలలో 10 మందికి అది తాత్కాలికంగానైనా ఉపశమనం ఇచ్చిందని 1948లో ప్రకటించారు. ఆ జబ్బుకు అంతవరకు మందు అన్న మాటే లేదు. దాని తమ్ముని వంటిది మెథోట్రెక్సేట్. అది ఈనాటికీ కొన్ని క్యాన్సర్లకు, కీళ్ళవాతానికి ఇస్తున్నారు. 1947లో బోదకాలు పురుగును చంపే హెట్రజాన్, అంటే డి.ఇ.సి., 1948లో డుగ్గార్ అనే వృద్ధ శాస్త్రజ్ఞుడు మట్టిలోని సూక్ష్మజీవి నుంచి తీసిన ఆరియోమైసిన్, ఈ రెండు కూడ ఆయన అధిపత్యంలో ఉన్న సంస్థ నుంచే వచ్చాయి.

1946లో చట్టం మారి భారతీయులకు అమెరికా పౌరసత్వం తీసుకునే వీలు కలిగింది. ఆయన తీసుకోలేదు. భారతీయునిగానే ఉన్నారు. 1948 ఆగస్టులో ఒక రాత్రి నిద్రలోనే కన్నుమూశారు. వయస్సు 53 సంవత్సరాలు. మన దేశానికి స్వాతంత్ర్యం వచ్చి ఏడాది పూర్తి కావడానికి కొద్ది రోజులే ఉన్నవి. శేషగిరి గారు భర్త తిరిగి వస్తారని ఎదురు చూస్తూ ఇక్కడే ఉండిపోయారు. ఇరవై అయిదేళ్ళ ఆ ఎదురుచూపు ఖర్చు ఏ లెక్కల పుస్తకంలోను చేరలేదు. ఆయన శతజయంతి సంవత్సరమైన 1995లో భారత తపాలా శాఖ ఆయన బొమ్మతో స్టాంపు విడుదల చేసింది.

తరువాతి సంగతులు

ఆయన తెరచిన దారిలో తరువాత నడిచినవారు కార్జానికి, నరాలకు ఇంకా దగ్గర సంబంధం చూశారు. మెదడు నుంచి పొట్టలోకి దిగే వేగస్ అనే పెద్ద నరం కొమ్మ ఒకటి కాలేయానికి పోతుంది. ఎలుకలలో ఆ కొమ్మను తెగగొడితే కాలేయం తిరిగి పెరగడం ఆలస్యమవుతుంది. 2018లో జపానులోని తొహోకు విశ్వవిద్యాలయం వారు ఎలుకలలో దాని వివరం చెప్పారు. ఆ నరం వార్త పంపుతుంది. కాలేయంలోని రక్షక కణాలు దానిని అందుకొని ఒక రసాయనాన్ని విడుదల చేస్తాయి. దానితో కాలేయ కణాలు చీలడం ప్రారంభిస్తాయి. మన కార్యాలయాలలో పైనుంచి తాఖీదు వస్తే పని త్వరగా కదిలినట్లే. అట్లాగని నరం లేకపోతే కాలేయం పెరగదని కాదు. కాలేయ మార్పిడిలో దాత కాలేయానికి నరాలన్నీ తెగిపోతాయి. అయినా అది కొత్త శరీరంలో పెరుగుతున్నది. తాఖీదు రాకున్నా గ్రామంలో కరణం, మునసబు పని ఆపనట్లు రక్తంలో వచ్చే ఇతర సంకేతాలతో కార్జం తన పని తాను చేసుకుంటుంది. నరం చేసేది తొందరపెట్టడం.

మరొక చిత్రం. సుబ్బారావు గారు శక్తి నిల్వగా కనుగొన్న ఎ.టి.పి.ని నరాలు వార్త అందించే పదార్థంగా కూడ వాడుకుంటాయని 1972లో బర్న్‌స్టాక్ అనే శాస్త్రజ్ఞుడు ప్రతిపాదించారు. మొదట నమ్మినవారు తక్కువ, ఇప్పుడు అంగీకరించారు. ఎలుకలలో కాలేయం కొంత కోయగానే మిగిలిన భాగం నుంచి ఎ.టి.పి. బయటికి వెలువడి పెరుగుదలకు తోడ్పడుతుందని 2010 ప్రాంతంలో చూశారు. చిల్లర డబ్బే ఉత్తరంగా కూడ పనిచేస్తున్నదన్న మాట.

ఇక ఫోలిక్ ఆసిడ్. 1991లో ఇంగ్లండు వైద్య పరిశోధన మండలి ఒక పెద్ద పరీక్ష ఫలితం ప్రకటించింది. వెన్నుపాము సరిగా మూసుకోకుండ బిడ్డ పుట్టిన తల్లులు మళ్ళీ గర్భం ధరించక ముందు నుంచే ఫోలిక్ ఆసిడ్ వేసుకుంటే, ఆ లోపం మళ్ళీ రావడం నూటికి 72 వంతులు తగ్గింది. కార్జంలో దొరికిన పదార్థం పుట్టబోయే బిడ్డ నరమండలాన్ని కాపాడుతున్నది. ఈ మాత్ర గర్భం నిలిచిన తరువాత కాదు, ముందు నుంచే కావాలి. పెళ్ళయిన మనుమరాండ్రు ఉన్న ఇండ్లలో ఈ మాట చెప్పడం పెద్దవారి బాధ్యత.

చివరగా మెథోట్రెక్సేట్ వాడే సభ్యులకు ఒక హెచ్చరిక. కీళ్ళవాతానికి ఇచ్చే ఈ మాత్ర వారానికి ఒక్కరోజే వేసుకోవాలి. రోజు మాత్ర అనుకొని రోజూ మింగినవారు ప్రాణాలు పోగొట్టుకున్న సందర్భాలు అనేక దేశాలలో ఉన్నవి. డాక్టరు చెప్పిన వారం పేరు చీటి మీద పెద్ద అక్షరాలతో వ్రాయించుకొని డబ్బాకు అంటించుకోవాలి. కళ్ళు సరిగా కనిపించనివారు ఇంటిలో మరొకరికి అప్పగించాలి. ఈ మందు కార్జం మీద కూడ భారం వేస్తుంది కనుక డాక్టరు వ్రాసిన రక్తపరీక్షలు వాయిదా వేయరాదు. దీనితో పాటు ఫోలిక్ ఆసిడ్ ఎందుకు ఇస్తారని కొందరు అడుగుతుంటారు. ఒకటి అడ్డుకుంటుంది, రెండవది ఆ అడ్డు మితిమీరకుండ చూస్తుంది. రెండు మాత్రలు ఒకే ప్రయోగశాల బిడ్డలు. ఏ రోజు ఏది వేసుకోవాలో మాత్రం డాక్టరే చెప్పాలి.

తల్లి మంగళసూత్రాల బంగారం, మామగారి కష్టార్జితం, కాకినాడ ధర్మసంస్థ సహాయం, ఒక ఇల్లాలి ఎదురుచూపు, వీటి పెట్టుబడి మీద నడిచిన జీవితం అది. దాని వడ్డీ ఈనాటికీ బొల్లాపల్లి వంటి మారుమూల గ్రామాలలోని మందుల సంచులకు చేరుతున్నది. ఆ వడ్డీని తెలిసి వాడుకోవడమే ఆయనకు మనం చేయగల నివాళి. ఆ మహనీయునికి జోహార్లు.